లైసెన్సు ఇచ్చారు సరే, కాల్చి నేర్చుకునే చోటు ఎక్కడ?

సంపాదకుల వారికి నమస్కారం.

ఎన్నికల ప్రకటన వెలువడిన ప్రతిసారీ మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వస్తుంది. లైసెన్సు ఉన్న ఆయుధాలను ఫలానా తేదీలోగా పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలని. 2024 మే 13 పోలింగ్‌కు ముందు కూడా అలాగే వచ్చింది. ఆ వార్త చదివి నా రివాల్వర్ తీసుకుని వెళ్లాను. వరుసలో నాకంటే ముందు ఐదుగురు ఉన్నారు, అందరూ మగవాళ్లే. రసీదు రాసే కానిస్టేబుల్ వారిలో ఒక పెద్దాయనను "తెరిచి ఖాళీ అని చూపించండి సార్" అన్నాడు. ఆయనకు తెరవడం రాలేదు. గొళ్లెం ఎక్కడుందో తెలియక, బ్యారెల్‌ను ఒకసారి నా వైపు, ఒకసారి బెంచీ మీద కూర్చున్న వాళ్ల వైపు తిప్పుతూ తడుముకుంటున్నాడు. కానిస్టేబుల్ సరేనంటే నేనే తీసుకుని, బ్యారెల్ గోడ వైపు పెట్టి, గొళ్లెం నొక్కి తెరిచాను. లోపల ఆరు తూటాలున్నాయి.

ఆయనకు లైసెన్సు వచ్చి పద్దెనిమిదేళ్లయిందట. ఒక్కసారి కూడా కాల్చలేదట. "కాల్చి చూసుకోవాలి కదన్నా" అంటే, "ఎక్కడ కాల్చమంటావమ్మా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నాకు 58 ఏళ్లు. చిత్తూరులో ఇల్లు, బంగారుపాళ్యంలో మామిడికాయల మండీ. తోతాపురి సీజన్‌లో రైతులకూ, హమాలీలకూ, లారీలకూ అంతా నగదుగానే ఇచ్చే రోజుల్లో, మా ఆయన పలమనేరు వైపు నుంచి డబ్బు సంచితో రాత్రిపూట మొగిలి ఘాట్ దిగి వచ్చేవారు. ఆ భయానికే 1996లో లైసెన్సు తీసుకుని ఒక పాత ఇంగ్లండు రివాల్వర్ కొన్నారు. .32 క్యాలిబర్, అంటే దాని గొట్టం, తూటా సైజు. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచారు. ఇరవై రెండేళ్లలో ఆయన దాన్ని కాల్చగా నేను చూడలేదు. ఆయుధ పూజ రోజు బయటికి తీసి, నీళ్లు చల్లి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ ఒరలో దోపి లోపల పెట్టేవారు. ఇది మా ఇంటి ఒక్కదాని కథ కాదు. మా చుట్టుపక్కల లైసెన్సు ఉన్న ఇళ్లలో నేను చూసిందంతా ఇదే.

2018లో ఆయన పోయారు. పోయినవారి ఆయుధం వారసుల చేతికి రావాలంటే వారు తమ పేరు మీద లైసెన్సు తెచ్చుకోవాలి, అందాకా అది స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో ఉండాలి. అప్పగించే ముందు మొదటిసారి నేను దాన్ని ఒరలోంచి లాగాను. అది సులువుగా రాలేదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, కొంతకాలానికి ఇనుముకు అంటుకుపోతుంది. బెల్టులోని తూటాల ఇత్తడికి పచ్చగా చిలుము పట్టింది. తుపాకుల మెకానిక్ లైటు వేసి బ్యారెల్ లోపల చూపించాడు, అంతా తుప్పు గుంటలే. తూటాలు పెట్టే గుండ్రటి భాగం, సిలిండర్, కూడా సరిగా నిలబడటం లేదన్నాడు. రివాల్వర్‌లో హ్యామర్, అంటే తూటా పేలడానికి వెనక నుంచి కొట్టే సుత్తి లాంటి భాగం, పడే క్షణానికి సిలిండర్ రంధ్రం బ్యారెల్‌కు సూటిగా వచ్చి ఆగాలి. అలా రాకపోతే సీసపు గుండు అంచుకు తగిలి చెక్కుకుపోయి, ఆ ముక్కలు పక్కలకు చిమ్ముతాయి. "అయ్యగారు ఎప్పుడైనా అవసరపడి దీన్ని కాల్చి ఉంటే, ముందు ఆయన చేతికే దెబ్బ తగిలేదమ్మా" అన్నాడు. ఇన్నేళ్లూ ఏ ధైర్యంతో ఆయన ఘాట్ దిగి వచ్చారో ఆ రోజు అర్థమై, ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను.

నా లైసెన్సు కోసం తిరగడంలో ఏడాది గడిచింది. దాని గురించి ఎక్కువ రాయను. దరఖాస్తు, పోలీసు విచారణ, శారీరక, మానసిక ఆరోగ్యానికి డాక్టర్ సర్టిఫికెట్ అన్నీ ఉండాల్సినవే. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలనుకునే వ్యక్తి ఆయుధాన్ని భద్రంగా పట్టుకోవడం, మోసుకెళ్లడం, కాల్చే పద్ధతి, నిర్వహణ, దాచడం నేర్చుకోవాలి. చాలా మంచి నిబంధన. నేను చేరిన చోట మాత్రం ఆ శిక్షణ ఒక పూటే సాగింది. బోర్డు మీద బొమ్మ గీశారు, ఒక నమూనా చేతికిచ్చి మళ్లీ తీసుకున్నారు, సాయంత్రానికి సర్టిఫికెట్ ఇచ్చారు. ఒక్క తూటా కాల్చలేదు. స్కూటర్ లైసెన్సుకైనా ఎనిమిది అంకె వేసి చూపించాలి కదా.

పాతదాన్ని వదిలేసి కొత్తది కొనాలనుకున్నప్పుడు నాకు అందరూ చెప్పిన పేరు 'నిర్భీక్'. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 2014లో ఆడవాళ్ల కోసమని విడుదల చేసిన .32 రివాల్వర్ అది. టైటానియం మిశ్రమంతో చేశారు, బరువు 500 గ్రాములు. అప్పట్లో పన్నులతో కలిపి ధర 1,22,360 రూపాయలు. నగల పెట్టె లాంటి మెరూన్ డబ్బాలో ఇచ్చేవారు. చేతిలో పట్టుకుని చూశాను. హ్యాండ్‌బ్యాగులో మోయడానికి ఆ తేలిక బాగుంటుంది. కానీ అదే తూటా తేలిక ఆయుధంలో కాలిస్తే చేతిలో ఎక్కువ ఎగురుతుంది. నాకు మోయడం కన్నా నేర్చుకోవడం ముఖ్యం అనిపించి, 2021లో అదే కాన్పూరు నుంచి ఉక్కు రివాల్వర్ తీసుకున్నాను. మధ్యలో మడతపడి తెరుచుకునే రకం. తెరిస్తే కాల్చిన తూటాల ఆరు ఖాళీ కేసులూ, అంటే ఇత్తడి తొడుగులూ, ఒక్కసారే పైకి లేస్తాయి. 2023లో వచ్చిన 'ప్రబల్' అనే రివాల్వర్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఈ రెండిట్లో ఏది మంచిదని ఈమధ్య మా బంధువుల్లో ఒకరు అడిగారు. రెండూ ఆరేసి తూటాలు కాల్చి చూసి ఎంచుకోమని చెప్పాలని ఉంది. కాని ఎక్కడ కాల్చమని చెప్పను?

కొత్త రివాల్వర్ ఇంటికి వచ్చాక నా అసలు కష్టం మొదలైంది. ఆత్మరక్షణ లైసెన్సు ఉంది కదా అని మామిడితోటలో కాల్చి చూడకూడదు. సంబరాల్లో కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. ఆ సవరణ రావడం మంచిదైంది. గాల్లోకి కాల్చిన గుండు ఎక్కడో ఒకచోట దిగి తీరుతుంది. కాల్చాలంటే అనుమతి ఉన్న రేంజిలోనే, అంటే గురి చూసి కాల్చడం కోసమే ఏర్పాటు చేసిన చోటే, కాల్చాలి. మన జిల్లాలో రెండు కార్యాలయాల్లో అడిగాను. ఒకచోట పోలీసు రేంజి బయటివాళ్లకు కాదన్నారు. రెండోచోట "ఈ వయసులో మీకెందుకమ్మా ఇదంతా" అన్నారు. చివరికి బెంగళూరు వైపు ఒక రేంజిలో చేరాను. పోనూ రానూ దాదాపు 360 కిలోమీటర్లు. నా లైసెన్సు మన రాష్ట్రం వరకే చెల్లుతుంది కాబట్టి, నా రివాల్వర్‌ను పక్క రాష్ట్రానికి తీసుకెళ్లే అనుమతికి ఏడు నెలలు పట్టింది. తెల్లవారుజామున నాలుగింటికి కారెక్కి, ఖాళీ రివాల్వర్ ఒక తాళం పెట్టెలో, తూటాలు వేరే పెట్టెలో పెట్టుకుని, పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి వెళ్తాను.

అక్కడ నేర్పేది సైన్యంలో పనిచేసి రిటైరైన ఒక హవల్దార్ గారు. కుప్పం వైపు మనిషి, తెలుగులోనే చెబుతారు. మొదటి గంట తూటా ముట్టనివ్వలేదు. కొత్త రివాల్వర్‌కు ఫ్యాక్టరీ గ్రీజు పూసి ఉంటుంది, ముందు దాన్ని తుడిపించారు. తర్వాత డమ్మీ తూటాలు వేయించి, బ్యారెల్ మీద రూపాయి బిళ్ల నిలబెట్టి, అది కింద పడకుండా ట్రిగ్గర్ లాగమన్నారు. రివాల్వర్‌ను రెండు రకాలుగా కాల్చవచ్చు. బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి పెట్టుకుంటే ట్రిగ్గర్ తేలిగ్గా పడుతుంది. అలా లాగకుండా నేరుగా ట్రిగ్గరే నొక్కితే, సిలిండర్‌ను తిప్పడం, హ్యామర్‌ను లేపడం, వదలడం అన్నీ ఆ ఒక్క వేలే చేయాలి. అది బరువైన పని. భయపడిన మనిషి చేసేది ఈ రెండోదే. బిళ్ల పడకుండా రెండో పద్ధతిలో పదిసార్లు వరుసగా లాగడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇంట్లో తూటాలు లేని గదిలో, గోడకేసి, రోజూ రాత్రి భోజనం అయ్యాక పావుగంట చేసేదాన్ని.

ఆయన చూపించిన ఇంకొకటి లైసెన్సు ఉన్న ప్రతివాళ్లూ చూడాలి. రివాల్వర్‌లో సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నటి సందు ఉంటుంది. కాల్చినప్పుడు వేడి వాయువు ఆ సందులోంచి రెండు పక్కలకూ కత్తిలా కొడుతుంది. హవల్దార్ గారు ఆ సందు పక్కన న్యూస్‌పేపర్ ముక్కను కర్రకు తగిలించి ఒక్కసారి కాల్చారు. కాగితం నల్లబడి చీలిపోయింది. సినిమాల్లో చూసినట్టు రెండో చేతిని ముందుకు జరిపి సిలిండర్ పక్కన పట్టుకుంటే ఆ చీలేది వేలు. మా ఆయన నాకు ఒకసారి సరదాగా పట్టుకుని చూపించినప్పుడు ఎడమ చెయ్యి సరిగ్గా అక్కడే పెట్టారు. ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

మూడోసారి వెళ్లినప్పుడు పక్క వరుసలో ఒకాయన ఇంట్లో ఏళ్ల తరబడి దాచిన తూటాలు తెచ్చాడు. నాలుగోది 'ఢాం' అనలేదు, 'తుప్' అంది. ఆయన మళ్లీ ట్రిగ్గర్ మీద వేలు పెట్టేలోపే హవల్దార్ గారు కేకవేసి ఆపారు. తెరిచి చూస్తే గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉంది. దాని వెనకే ఇంకొకటి కాల్చి ఉంటే బ్యారెల్ పగిలి చేతిలోనే పేలేది. అసలు శబ్దమే రాకపోతే వెంటనే తెరవకూడదనీ, లక్ష్యం వైపే పట్టుకుని అర నిమిషం ఆగాలనీ, మందు ఆలస్యంగా అంటుకోవచ్చనీ అప్పుడే చెప్పారు. బీరువాల్లో ఇరవై ఏళ్ల తూటాలు పెట్టుకున్నవాళ్లు మన జిల్లాలో ఉన్నారు. వాళ్లు మొదటిసారి కాల్చేది ఏదో అర్ధరాత్రి, కుటుంబం మధ్యలో కావచ్చు. అప్పుడు పక్కన కేకవేసి ఆపే మనిషి ఉండడు.

కొత్త రివాల్వర్ చేతికి అలవాటు పడటానికి కొన్ని వందల తూటాలు కావాలి. లోపలి భాగాలు ఒకదానికొకటి రాసుకుని నునుపు తేరుతాయి, ట్రిగ్గర్‌లో మొదట్లో ఉండే గరగర తగ్గుతుంది, మన వేలు కూడా దాని దారి నేర్చుకుంటుంది. నేను మండీ చిట్టా పుస్తకం లాంటిదే ఒకటి పెట్టుకుని ప్రతి తూటా రాసుకున్నాను. మొదటి రోజు ఏడు మీటర్ల దూరంలో ఆరు కాలిస్తే కాగితం మీద పడినవి రెండు. కళ్లద్దాలు మార్చాక నాలుగు. గురి చూసుకోవడానికి బ్యారెల్ కొన మీద ఉండే చిన్న మొనను ముందు సైటు అంటారు. చదివే అద్దాలతో అది మసకగా ఉండేది. కళ్ల డాక్టర్ దగ్గర చెయ్యి చాచి చూపించి, ఆ దూరానికి అద్దాలు చేయించుకున్నాను. ముందు సైటు స్పష్టంగా, లక్ష్యం కాస్త మసకగా కనిపించాలి, అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. ఇప్పటికి 412 తూటాలు కాల్చాను. పది మీటర్లలో ఆరూ నా అరచేతిలో పట్టేంత చోట పడతాయి. కాల్చిన ప్రతిసారీ ఇంటికి వచ్చి బ్రష్, బట్టముక్కలు, నూనె పట్టుకుని కూర్చుంటాను. ఖాళీ కేసులను నెట్టే నక్షత్రం లాంటి భాగం కింద మందు పొడి చేరితే తూటా పూర్తిగా కూర్చోదు, సిలిండర్ తిరగక బిగుసుకుంటుంది. అక్కడ పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చేస్తాను. తోలు ఒరలో మాత్రం దాన్ని ఎప్పుడూ నిలవ పెట్టను.

ఇందులో నాకు దొరికిన సంతోషం గురించి కూడా చెప్పుకోవాలి. ఆయన పోయాక రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. ఊపిరి సగం వదిలి, ముందు సైటు తప్ప ఇంకేమీ లేని ఆ నాలుగైదు క్షణాల్లో మండీ లెక్కలూ, కోర్టు కాగితాలూ, టెన్షన్ ఏవీ గుర్తుకు రావు. ఇది ఆట. గొప్ప ఆట. ఈ .32 తూటాతోనే 25 మీటర్ల 'సెంటర్ ఫైర్' అనే పిస్టల్ పోటీలు జరుగుతాయి. ముప్పై తూటాలు నిదానంగా, ముప్పై తూటాలు లక్ష్యం మూడేసి సెకన్లు కనిపించే పద్ధతిలో కాల్చాలి. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన షూటర్ జస్పాల్ రాణా ఈ పోటీలో 600కు 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. తర్వాత ఆయన శిక్షణలోనే మను భాకర్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. మన తెలుగు పిల్ల, హైదరాబాద్ ఈషా సింగ్, పదమూడేళ్లకే 2018లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. ఆ అమ్మాయికి దగ్గర్లో ఒక రేంజి ఉంది. తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివే పిల్లల్లో, మా చిత్తూరు ఎన్‌సీసీ ఆడపిల్లల్లో అంత నిలకడ ఉన్నవాళ్లు లేరా? 4.5 మిల్లీమీటర్ల మామూలు ఎయిర్ పిస్టల్‌కు, 20 జౌల్స్ శక్తి దాటనంతవరకూ, ఆయుధ లైసెన్సు కూడా అక్కర్లేదు. పది మీటర్ల హాలు, వెనక గుండ్లను ఆపే ఏర్పాటు, నేర్పే మనిషి ఉంటే చాలు.

రాయలసీమలో తుపాకీ అనే మాటకే జనం జంకుతారని నాకు తెలుసు. ఆ జంకుకు కారణాలున్నాయి, నేను కాదనను. ఇంకా లైసెన్సులు ఇవ్వమని నేను అడగడం లేదు. నా కోడలు అడిగితే, ముందు ఏడాది పాటు ఎయిర్ పిస్టల్ నేర్చుకుని రా, తర్వాత చూద్దాం అన్నాను. ఇద్దరు మనవలున్న ఇల్లు మాది. రివాల్వర్ ఒక లాకర్‌లో, తూటాలు వేరే లాకర్‌లో ఉంటాయి, రెండు తాళంచెవులూ నా దగ్గరే. నేనడిగేది ఇప్పటికే ఇళ్లలో ఉన్న ఆయుధాల సంగతి. ఇప్పుడు లైసెన్సు గడువు అయిదేళ్లు. రెన్యువల్‌కు వచ్చేటప్పుడు ఆ అయిదేళ్లలో రేంజికి ఎన్నిసార్లు వెళ్లారు, తెరవడం, ఖాళీ చేయడం వచ్చా అని అడిగే పద్ధతి పెడితే ఎంత బాగుంటుంది. చాలామంది ఆ రోజే తమకు ఆయుధం వద్దని వదిలేస్తారు, అదీ మంచిదే. అయితే అలా అడగాలంటే ముందు చోటు చూపించాలి. తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాలకూ కలిపి ఒక్క రేంజి చాలు. పోలీసు రేంజినే నెలకు రెండు ఆదివారాలు, వాళ్ల శిక్షకుల సమక్షంలో, ఫీజు కట్టించుకుని తెరిచినా సరే.

అదీ కుదరదంటే, బంగారుపాళ్యం దగ్గర గుట్ట వారన మాకు ఎకరంన్నర బీడు ఉంది. మూడు పక్కలా బండ, ఊరు ఎదురు దిక్కున. సేద్యానికి పనికిరాని నేల, కాని గుండు దాటిపోకుండా ఆపడానికి అంతకంటే మంచి గోడ ఎవరూ కట్టలేరు. హవల్దార్ గారిని కారులో తీసుకొచ్చి చూపించాను, 25 మీటర్ల వరుసలు ఎనిమిది వస్తాయన్నారు. క్రీడల శాఖకో, పోలీసులకో ఏడాదికి రూపాయి లీజుకు ఇస్తాను. సర్వే నంబరు, పటం జతచేసి అర్జీ ఇప్పటికి రెండుసార్లు ఇచ్చాను, రెండు రసీదులూ ఉన్నాయి. మూడోది ఈ సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తున్నాను. ఆ రోజు మీ విలేకరిని పంపిస్తే, గుట్ట దాకా నేనే తీసుకెళ్లి చూపిస్తాను.

ఇంట్లో ఆయుధం ఉందని తెలియడం మంచిది కాదు కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక మామిడి మండీ యజమానురాలు,
చిత్తూరు